వానజెండా

మబ్బు పట్టిందంటే చాలు, మన చూపు ముందు దండెం మీదికి పోతుంది. బట్టలూ వడియాలూ గబగబా లోపలికి చేరాల్సిందే. మరి ఆగస్టు పదిహేనున ఎగరేసిన జెండా మాటేమిటి? అసలే వానల రోజులు. చినుకు పడగానే దించెయ్యాలా, తడవనివ్వాలా?

మన పతాక నియమావళి నిక్కచ్చిగా చెప్పింది. ప్రభుత్వ భవనాల మీద జెండా సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం దాకా ఎగరాలి, ఎండైనా వానైనా సరే. 2022 జూలై నుంచి మన ఇళ్ళమీద రాత్రిళ్ళు కూడా ఉంచుకోవచ్చు. అమెరికావాళ్ళ ఆచారం వేరు. వాతావరణం బాగాలేకపోతే జెండా ఎగరెయ్యకూడదంటారు, వానకు తట్టుకునే బట్టతో చేసినదైతే తప్ప. ఈ మినహాయింపు చట్టంలోకి వచ్చింది 1976లోనే గానీ, వానకని వేరే జెండా ఉంచుకోవడం వాళ్ళలో పాత పద్ధతే.

1813లో వాళ్ళకు బ్రిటిష్‌వాళ్ళతో యుద్ధం. బాల్టిమోర్ రేవును కాచే మెక్‌హెన్రీ కోటకు రెండు జెండాలు కావాలన్నారు. కుట్టింది మేరీ పికర్స్‌గిల్ అనే ఆవిడ. భర్త పోయాక జెండాలు కుట్టి సంసారం ఈదుకొస్తున్న మనిషి. పెద్దది 42 అడుగుల పొడవు, 30 అడుగుల వెడల్పు. గాలివానల కోసం చిన్నది, 25 అడుగులకు 17 అడుగులు. పెద్దదానికి 405 డాలర్ల 90 సెంట్లు, చిన్నదానికి 168 డాలర్ల 54 సెంట్లు ముట్టాయి. పెద్దది పరచడానికి ఇంట్లో చోటు చాలక దగ్గర్లోని బీరు కార్ఖానా నేలమీద పరిచి కుట్టారట. కూతురూ, మేనకోడళ్ళూ, ఆ ఇంట్లో ఒప్పందం మీద పనిచేసే గ్రేస్ విషర్ అనే నల్లజాతి పిల్లా తలా ఒక చెయ్యి వేశారు.

1814 సెప్టెంబరు 13న ఓడలమీంచి గుళ్ళవాన మొదలైంది. ఇరవై అయిదు గంటలపాటు కురిసింది. రాత్రి పైనుంచి అసలు వాన కూడా తోడైంది. తడిస్తే అంత పెద్ద జెండా బరువుకు కొయ్య విరిగినా విరగవచ్చు. అందుకే ఆ రాత్రి కోటమీద ఉన్నది చిన్నదే అంటారు చరిత్రకారులు. తెల్లవారాక పెద్దది ఎక్కింది. దాన్ని చూసి ఫ్రాన్సిస్ స్కాట్ కీ రాసిన పాట 1931లో జాతీయగీతమైంది. పెద్దజెండా ఇవాళ వాషింగ్టన్ మ్యూజియంలో భద్రంగా ఉంది. రాత్రంతా తడిసిన చిన్నది మాత్రం మనకు దక్కలేదు. నా మనసు ఆ చిన్నదాని మీదే!

మన జెండాకు వేరే వానజెండా లేదు. ఎండకూ వానకూ అదే నిలవాలి. అందుకే రంగు వెలవకూడదనీ, కుట్టు ఇలా ఉండాలనీ ప్రభుత్వ ప్రమాణాలున్నాయి. హుబ్బళ్ళి దగ్గర బెంగేరి ఖాదీ కేంద్రంలో ఆ లెక్క ప్రకారం జెండాలు తయారుచేసేవారిలో ఎక్కువమంది ఆడవాళ్ళే. 2021 డిసెంబరు నుంచి పాలిస్టరు జెండాలకూ, మిషను మీద తయారైనవాటికీ అనుమతి వచ్చింది. చవగ్గా దొరుకుతున్నాయి సరే, చవకైనదని చులకన చెయ్యకూడదు కదా!

నన్నడిగితే, వానకని దించనక్కర్లేదు. దించాక మాత్రం తడితో మడత పెట్టకండి, నీడపట్టున ఆరనివ్వండి. అంచు చిరిగితే మళ్ళీ ఎగరెయ్యకూడదు. చిరిగి పాడైనదాన్ని చెత్తలో వెయ్యకుండా, నలుగురి కళ్ళా పడకుండా మర్యాదగా కాల్చెయ్యమంది నియమావళి. ఆ కుట్టు వెనక ఒక ఆడమనిషి చేతి కష్టం ఉందని గుర్తుంటే, ఈ నియమాలేవీ మనకు ఒకరు చెప్పనక్కర్లేదు.