తుంపరలో వచ్చిన న్యుమోనియా

1976 జులైలో ఫిలడెల్ఫియాలోని బెల్వ్యూ-స్ట్రాట్‌ఫోర్డ్ హోటల్‌లో అమెరికన్ లీజియన్ అనే మాజీ సైనికుల సంఘం సభలు జరిగాయి. ఇళ్లకు చేరిన కొద్ది రోజులకే చాలామందిని జ్వరం, న్యుమోనియా పట్టుకున్నాయి. మొత్తం 221 మంది జబ్బుపడ్డారు, 34 మంది చనిపోయారు. వీళ్లలో హోటల్ గడప తొక్కకుండా ముందున్న బ్రాడ్ స్ట్రీట్ మీద నడిచిపోయినవాళ్లూ ఉన్నారు. ఆ ఏడాది అమెరికాను స్వైన్ ఫ్లూ భయం వెంటాడుతోంది కనుక అనుమానం ముందు దానిమీదికే పోయింది. తర్వాత విషపదార్థాల మీదికి మళ్లింది. నెలలు గడిచినా కారణం తేలలేదు. డిసెంబరు చివర్లో అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీలోని శాస్త్రవేత్త జోసెఫ్ మెక్‌డేడ్ పాత స్లైడ్లను మళ్లీ తీసి చూశాడు. రికెట్సియాలనే మరో రకం బాక్టీరియా కోసం వెతికేటప్పుడు అక్కడక్కడా కనబడితే లెక్కచేయని కడ్డీ ఆకారపు బాక్టీరియా ఈసారి గుంపుగా కనిపించింది. ప్రయోగశాలలో సూక్ష్మజీవులను పెంచే కోడిగుడ్లలో ఇతరాలు పెరగకుండా వాడే యాంటీబయాటిక్‌ను మానేసి చూస్తే అది పెరిగింది. అంతకుముందు దాన్ని పెరగనివ్వనిది ఆ జాగ్రత్తే.

దానికి లీజియోనెల్లా అని పేరు పెట్టారు. అయితే ఇది కొత్త జబ్బా? దాచి ఉంచిన రక్తనమూనాలను పరీక్షిస్తే 1965లో వాషింగ్టన్‌లోని ఓ మానసిక వైద్యశాలలో ప్రాణాలు తీసిందీ, 1968లో మిషిగన్‌లోని పాంటియాక్‌లో ఆరోగ్యశాఖ ఉద్యోగులకే జ్వరం తెప్పించిందీ ఇదేనని తేలింది. ఎప్పటినుంచో ఉన్నదాన్ని ప్రయోగశాల ఆలస్యంగా గుర్తించింది, అంతే కదా అనవచ్చు. బాక్టీరియా విషయంలో అది నిజమే. జబ్బు విషయంలో సగమే నిజం. పాంటియాక్‌లో తప్పు ఏసీ యంత్రానిది: దాని నీటి తుంపర గాలిగొట్టాల్లోకి చేరింది. లీజియోనెల్లా మంచినీటి అమీబాల లోపల వృద్ధి చెందుతుందని 1980లో ఇంగ్లండులో రోబోథమ్ అనే శాస్త్రవేత్త చూపించాడు. మన ఊపిరితిత్తుల్లోని రక్షక కణాల్లోనూ అది అదే పని చేస్తుంది. చెరువులో దాని సంఖ్య తక్కువ. 25 నుంచి 45 డిగ్రీల వేడిలో, పాచి పట్టి నిలిచిన పైపుల్లో అది విపరీతంగా పెరుగుతుంది. కూలింగ్ టవర్లు, షవర్లు ఆ నీటిని తుంపరగా మార్చి ఊపిరిలోకి పంపుతాయి. మనిషి నుంచి మనిషికి సాధారణంగా పాకదు కాబట్టి, ఆ యంత్రాలు లేకుండా ఇలాంటి పెద్ద వ్యాప్తులు ఊహించడం కష్టం.

ఆస్ట్రేలియాలో కుండీ మొక్కల మట్టి మిశ్రమం వల్ల కూడా జబ్బు వస్తోంది కదా అన్న ఆక్షేపణ బలమైనదే. కానీ ఆ జాతి వేరు; అది ఎక్కువగా విడివిడి కేసులనే తెస్తుంది. పెద్ద వ్యాప్తులకు మాత్రం మూలం యంత్రాల తుంపరే. 1999లో నెదర్లాండ్స్‌లోని బోవెన్‌కార్స్పెల్ పూల ప్రదర్శనలో చూపుకోసం పెట్టిన వర్ల్‌పూల్ తొట్టి పక్కనుంచి నడిచిపోయినవాళ్లకు జబ్బు సోకి, 30 మందికి పైగా చనిపోయారు. వాళ్లెవరూ అందులో దిగలేదు. 2015లో న్యూయార్క్ సౌత్ బ్రాంక్స్‌లో ఒక హోటల్ కూలింగ్ టవర్ నుంచి 138 మందికి సోకింది. అప్పటికి ఏ భవనం మీద కూలింగ్ టవర్ ఉందో నగరం దగ్గర జాబితాయే లేదు. టవర్ల నమోదును తప్పనిసరి చేసే చట్టం ఆ ఆగస్టులో వచ్చింది.