నిచ్చెనమెట్ల చదువు: కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ

యూనివర్సిటీల చరిత్రను మనకు భవనాల చరిత్రగా, ఛాన్సలర్ల చరిత్రగా చెబుతుంటారు. తలుపు ఎవరు తోస్తే తెరుచుకుంది అని మాత్రం చెప్పరు. కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీని మేం ఈ ప్రశ్నతోనే చదువుతున్నాం.

దీని మూలం 1857లో శాన్‌ఫ్రాన్సిస్కోలో టీచర్ల శిక్షణకు పెట్టిన రాత్రి బడి. తర్వాత రాష్ట్రమంతా విడివిడిగా పుట్టిన కాలేజీలను 1960 చట్టం ఒకే పాలన కిందికి తెచ్చింది. అప్పటి ‘మాస్టర్ ప్లాన్’ హైస్కూలు పిల్లల్ని మూడు వరసలు చేసింది. పై ఎనిమిదో వంతుకు యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా, పై మూడో వంతుకు ఈ స్టేట్ కాలేజీలు, మిగతావాళ్లకు రెండేళ్ల జూనియర్ కాలేజీలు. కింది మెట్టు నుంచి పైకి ఎక్కే దారి ఉంచారు గనక ఇది కులం లాంటిది కాదు. కానీ ‘మెరిట్’ ఏ పేటల్లోని బడుల్లో తయారవుతుందో మనకెవరూ చెప్పక్కర్లేదు గదా!

ఆ మెట్లను కదిపింది నల్లజాతి విద్యార్థులు. 1968 నవంబరు 6న శాన్‌ఫ్రాన్సిస్కో స్టేట్‌లో బ్లాక్ స్టూడెంట్స్ యూనియన్, థర్డ్ వరల్డ్ లిబరేషన్ ఫ్రంట్ సమ్మెకు దిగాయి. మా పిల్లలకు సీట్లివ్వండి, మా చరిత్ర మేమే చెప్పుకుంటాం అన్నారు. పోలీసులు క్యాంపస్‌లోకొచ్చారు. 1969 జనవరి 23న ఒక్కరోజే 400 మందికి పైగా అరెస్టయ్యారు. అయినా సమ్మె మార్చి దాకా నిలబడింది. ఎత్నిక్ స్టడీస్ విభాగం అట్లా పుట్టింది. 2020లో రాష్ట్ర చట్టం ఈ వ్యవస్థలో ప్రతి విద్యార్థీ ఆ చదువు చదవాలంది. అంటే యాభై ఏళ్లు పట్టింది.

మన మాట కూడా అక్కడికి చేరింది. 2021లో విద్యార్థి సంఘం కులవివక్షకు వ్యతిరేకంగా తీర్మానం చేసింది. అధ్యాపకుల యూనియన్ బలపరిచింది. 2022 జనవరిలో అప్పటి 23 క్యాంపస్‌ల వివక్షా నిషేధ విధానంలో ‘కులం’ చేరింది. ఇద్దరు హిందూ ప్రొఫెసర్లు కోర్టుకెళ్లారు. 2023 నవంబరులో ఫెడరల్ కోర్టు వాళ్ల వాదన ఒప్పుకోలేదు. అంతకు నెల ముందే, రాష్ట్రమంతటికీ వర్తించేలా శాసనసభ ఆమోదించిన కులవివక్ష బిల్లును గవర్నర్ న్యూసమ్ వీటో చేశాడు. అంటే క్యాంపస్‌లో ఉన్న మాట రాష్ట్ర చట్టంలో లేదు.

కాగితం మీద మాట గెలుపే. కానీ ఫిర్యాదు చెయ్యాలంటే దళిత విద్యార్థి ముందు తన కులం బయటపెట్టుకోవాలి. సముద్రాలు దాటి దాచుకొచ్చిందే అది. 1968లో ఎవరూ ఒంటరిగా నిలబడలేదు, సంఘంగా నిలబడ్డారు. మనం నేర్చుకోవాల్సింది అదే.