కోనసముద్రం మూస

కోనసముద్రం ఉక్కు మాట రాగానే అందరూ దానితో చేసిన డమాస్కస్ కత్తుల దగ్గరికి వెళ్లిపోతారు. పదార్థాల పరీక్షలోనే ఉద్యోగమంతా గడిపిన నాకు ఆ ఉక్కు కన్నా అది కరిగిన మట్టి పాత్ర, అంటే మూస మీదే గౌరవం ఎక్కువ.

నిజామాబాద్ జిల్లాలోని ఆ ఊళ్లో పని ఎలా సాగేదో భూగర్భ శాస్త్రవేత్త హెన్రీ వాయిసీ చూసి రాశాడు. 1824లో ఆయన పోయాక, 1832లో అది అచ్చయింది. రెండు చోట్ల నుంచి తెచ్చిన ఇనుమును కలిపి మూసలో పెట్టి, మూత మెత్తి, ఒక పగలూ ఒక రాత్రీ తిత్తులు ఊదేవారు. చల్లారాక వచ్చిన దిమ్మ సుత్తి దెబ్బకు పగిలేంత పెళుసు. దానికి మట్టి పూసి మళ్లీ కొలిమిలో పెట్టి గంటల తరబడి కాచేవారు, దారికొచ్చేదాకా. పర్షియా వర్తకులు ఊరిదాకా వచ్చి కొనుక్కుపోయేవారు.

ఇక మూస సంగతి. కర్బనం ఒకటిన్నర శాతం ఉన్న ఇనుము పూర్తిగా కరగాలంటే వేడి 1400 డిగ్రీల సెల్సియస్ దాటాలి. ఆ వేడికి మామూలు కుండ మెత్తబడి కూలిపోతుంది. అక్కడి కమ్మరులు మట్టిలో వరి ఊక కలిపారు. గాలి సరిగా అందని చోట ఊక పూర్తిగా కాలదు. బొగ్గూ, సిలికా అస్థిపంజరమూ మిగులుతాయి. బొగ్గు కరగదు. సిలికా గోడకు బలమిస్తుంది. పొలంలో చేతికందే ఊకతో ఇంత సాధించారే అని నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

ఇలాంటి భారతీయ ఉక్కు గుట్టు కోసం లండన్‌లో మైకేల్ ఫారడే 1819లో దాన్ని పరీక్షించి, గొప్పతనం అల్యూమినియంలో ఉందనుకున్నాడు. ఆయన కమ్మరి కొడుకు, అసాధారణ ప్రయోగశీలి. అయినా దారి తప్పాడు. కారణం కర్బనమని పారిస్ టంకశాలలో పనిచేసిన బ్రేయాన్ కొద్ది ఏళ్లకే పట్టుకున్నాడు. నాకైతే ఇందులో తెలిసేది ఒకటే: ముక్కలో ఏముందో చెప్పినంత మాత్రాన మా పని పూర్తి కాదు. అది ఎంత వేడిలో, ఎంత నింపాదిగా చల్లారిందో కూడా చెప్పాలి. కోనసముద్రం కమ్మరులకు ఆ రెండూ చేతి పట్టులో ఉండేవి.

ఆ ఊరి పొలాల్లో మూస పెంకులు, చిట్టెం దొరుకుతాయి. వాటిని ఏరి భద్రపరచాలి. ఏ మట్టి వాడారో, ఊక ఎంత కలిపారో, వేడి ఎక్కడిదాకా వెళ్లిందో ఆ పెంకులను కోసి మైక్రోస్కోపు కింద పెడితే ఇంకా చదవొచ్చు.