పడిగె మీద పడ్డ వెలుగు

మణుగూరు దాటి పినపాక వైపు పోతుంటే రాత్రిపూట ఆకాశం రెండు రకాలుగా ఉంటుంది. అడవి వైపు చిక్కటి చీకటి. గనులూ, 1080 మెగావాట్ల భద్రాద్రి థర్మల్ కేంద్రమూ ఉన్న వైపు తెల్లటి కాంతి. కొన్నేళ్ళ కింద ఈ దారిలోనే ఒక ఊళ్ళో పండగకి స్టేజీ వేశారు. రెండు పక్కలా ఇనుప ట్రస్సులు, వాటి మీద తలలు తిప్పే ఎనిమిది షార్పీలు, కింద వరసగా ఎల్‌ఈడీ పార్ లైట్లు. సినిమా పాటల డాన్సులు అయ్యాక డోలి కోయలు స్టేజీ ఎక్కారు.

కోయల ఇలవేల్పుల చరిత్రని డోలు వాయిస్తూ పాడి చెప్పేవాళ్ళు వీళ్ళు. సమ్మక్క సారలమ్మల కథ, పగిడిద్దరాజు కథ కాగితం ఎక్కకముందు వీళ్ళ గొంతుల్లోనే ఉంది. మణుగూరు మండలం కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్యగారికి 2022లో పద్మశ్రీ వచ్చింది ఈ విద్యకే. 2024లో ఆయన పోయారు. ఈ కథకి గొంతు ఎంతో పడిగె కూడా అంతే. పడిగె అంటే మూడు మూలల పొడవాటి గుడ్డ, దాని మీద వేల్పుల బొమ్మలు, గోత్రాల గుర్తులు. వినేవాడు చెవితో పాటు కంటితో కూడా చదువుకుంటాడు.

ఆ రాత్రి డోలు మోగింది, లైట్లు నీలమయ్యాయి. మళ్ళీ మోగింది, ఊదారంగు. తర్వాత పచ్చ. పడిగె ఒకసారి నల్లగా, ఒకసారి బూడిదరంగులో కనబడింది. నా పక్కన కూచున్న పెద్దాయన ముందుకి వంగి చూసి చూసి, "బొమ్మలేవి బిడ్డా? గుడ్డ ఒక్కటే కనబడుతుంది" అన్నాడు.

ఆ మాట పట్టుకునే మన రంగస్థలం మీద దీపం చరిత్ర వెతుక్కుంటూ పోయాను. నాటకాల చరిత్రలు చాలానే ఉన్నాయి మనకి. దీపం పట్టినవాడి పేరు మాత్రం కరపత్రంలో కూడా అరుదు.

తోలుబొమ్మలాటలో దీపం తెర వెనక ఉంటుంది. ఆముదం దీపం పసుపు వెలుగు పల్చటి తోలుగుండా వస్తేనే ఎరుపు ఎరుపుగా, నలుపు నలుపుగా తెలుస్తుంది. బొమ్మకి రంగు వేసినవాడికి ఏ దీపం ముందు ఆడించబోతున్నారో ముందే తెలుసు. రంగూ దీపమూ ఒకే ఇంట్లో పుట్టాయి.

1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావుగారు 'కీచకవధ'తో సురభి నాటకాలు మొదలుపెట్టేనాటికి స్టేజీకి కరెంటు లేదు. అప్పటికి నాలుగేళ్ళ ముందే, 1881లో, లండన్ సవాయ్ థియేటర్ మొత్తం కరెంటు దీపాలతో వెలిగింది. మన పల్లెకి ఆ వెలుగు రావడానికి చాలా ఏళ్ళు పట్టింది. మధ్యలో రాజ్యమేలింది పెట్రోమాక్సు. 1943 తర్వాత ప్రజానాట్యమండలి దళాలు ఊరూరా తిరిగినప్పుడు, 1947 నాటి 'మాభూమి' ఆడినప్పుడు చాలాచోట్ల దిక్కు అదే. పెట్రోమాక్సుని కావాల్సినంత తగ్గించి పెంచడం కుదరదు. వెలిగిందా, వెలిగిందే. అందుకే రంగం మారిందని చెప్పడానికి తెర పడాల్సిందే. మధ్యలో ఒకడొచ్చి గాలి కొట్టిపోయేవాడు, జనం పట్టించుకునేవాళ్ళు కాదు.

కరెంటు వచ్చాక తగ్గించడం పెంచడం చేతికొచ్చింది. మొదటి పరికరం ఉప్పునీటి కుండ! నీళ్ళలో ఉప్పు కలిపి, అందులో రెండు లోహపు పలకలు పెట్టి, ఒకదాన్ని కిందికి దించుతుంటే దీపం మెల్లగా వెలుగుతుంది, పైకి లాగితే ఆరుతుంది. చెయ్యి జారితే ప్రాణం పోతుంది. కానీ ఆ కుండలో మెట్లు లేవు. చీకటి నుంచి వెలుగుకి ఒకటే జారు.

వెలుగు కథ చెప్పగలదని దేశానికి గట్టిగా చూపించినవాడు కలకత్తా తాపస్ సేన్. 1959లో ఉత్పల్ దత్ 'అంగార్' నాటకంలో బొగ్గుగనిలోకి నీళ్ళు చేరి కార్మికులు మునిగిపోయే దృశ్యాన్ని ఆయన దీపాలతోనే కల్పించాడు. స్టేజీ మీద నీటిచుక్క లేదు. సింగరేణి నేల మీద నిలబడి ఈ సంగతి తలుచుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది.

ఆ తర్వాత థైరిస్టర్ డిమ్మర్లొచ్చాయి. ఒక్కో డిమ్మర్‌కి బోర్డు నుంచి ఒక్కో వైరు. నలభై డిమ్మర్లుంటే నలభై వైర్ల జడ. పైగా ఒక కంపెనీ బోర్డు ఇంకో కంపెనీ డిమ్మర్‌తో మాట్లాడదు. ఈ గోల తీర్చడానికి 1986లో అమెరికాలో రంగస్థల సాంకేతికుల సంస్థ యూఎస్‌ఐటీటీ ఒక ఉమ్మడి భాష తయారుచేసింది. అదే డీఎంఎక్స్ 512. ఈరోజు పినపాకలో పెళ్ళి స్టేజీ వెలిగినా, అమెరికాలో తానా సభల స్టేజీ వెలిగినా నడిపించే భాష ఇదే.

భాష చాలా చిన్నది. బోర్డు ఒకే కేబుల్ మీద 512 అంకెలు వరసగా పంపుతుంది, సెకనుకి సుమారు 44 సార్లు. ఒక్కో అంకె 0 నుంచి 255 దాకా. ప్రతి లైటుకీ ఒక అడ్రసు ఉంటుంది, తన నంబరు వచ్చేదాకా లెక్కపెట్టుకుని తన అంకెలు తీసుకుంటుంది. 16 చానెళ్ళ లైటయితే మొదటిదానికి 1, రెండోదానికి 17, మూడోదానికి 33. రెండిటికీ ఒకే అడ్రసు పెడితే అవి కవలల్లా ఆడతాయి. లైటు మెనూలో 16కి బదులు 20 చానెళ్ళ మోడ్ ఉందనుకోండి, పక్కదాని అంకెలు ఇది మింగేస్తుంది. తల తిప్పమంటే టపటపా కొట్టుకుంటుంది. లైన్ చివర 120 ఓమ్‌ల టెర్మినేటర్ పెట్టకపోతే సిగ్నల్ వెనక్కి తిరిగొచ్చి లైట్లు పిచ్చిగా ఆడొచ్చు. కుర్రాళ్ళు దీన్ని "లైటుకి దయ్యం పట్టింది" అంటారు.

రెండు సంగతులు నన్ను ఆపాయి. 0 నుంచి 255 అంటే 256 మెట్లే. చౌక ఎల్‌ఈడీని మెల్లగా ఆర్పితే చివర్లో ఆ మెట్లు కంటికి తెలుస్తాయి. కుండలో లేనివి. రెండోది, డీఎంఎక్స్ ఒకవైపు మాట. బోర్డు చెబుతుంది, వినదు. లైటు వెలిగిందో లేదో, వెలిగితే ఎవరి మీద పడిందో దానికి తెలీదు. తెలియాల్సింది దాని వెనక కూచున్న మనిషికి.

ఆ రాత్రి ఆ మనిషి ఇరవై ఏళ్ళ కుర్రాడు. ముందు 192 బోర్డు. పన్నెండు లైట్లు, ఒక్కోదానికి 16 చానెళ్ళు, అందుకే 192. నేను వెనక్కి వెళ్ళి అడిగాను.

"తమ్ముడూ, రంగులు ఎందుకు అట్లా మారుతున్నయ్?"

"సౌండ్ మోడ్‌ల పెట్టిన సార్. డోలు కొడితే దాని పాటికి అదే మారుతది."

అంటే కథ చెప్పే డోలే కథని చెరిపేస్తోంది. పైగా ఆ ఎల్‌ఈడీ నీలంలో ఎరుపు పాలు దాదాపు లేదు. ఎర్ర గుడ్డ మీద నీలం పడితే అది తిరిగి పంపేందుకు ఏమీ ఉండదు, నల్లగా కనిపిస్తుంది. ఆముదం దీపంలో, నెగళ్ళ మంటలో ఎరుపు పుష్కలం. పడిగె రంగులు ఆ వెలుగులో పుట్టినవి. తప్పు డిజిటల్‌ది అనలేను, కుర్రాడిదీ అనలేను. వాడికి ఎవరూ పడిగె గురించి చెప్పలేదు. డాన్సు పాటకి ఎక్కించిన ప్రోగ్రామే వాడి దగ్గరుంది. నాటకానికి ముందు దీపాలవాణ్ణి కూచోబెట్టి కథ చెప్పడం పాత సమాజాల్లో మామూలు పని. బోర్డు వచ్చాక ఆ పని అక్కర్లేదనుకున్నాం.

"ఏం బొమ్మలు సార్ అవి?" అన్నాడు. తెలిసినంత చెప్పాను.

సౌండ్ మోడ్ తీసేశాడు. షార్పీలు ఆర్పాడు. పార్‌లలో నీలం ఫేడర్ సున్నాకి దించాడు, ఎరుపు నిండుగా ఎత్తాడు, పచ్చ సగం దాకా. ఇంకా ఏదో తక్కువైంది. తెలుపు చానెల్ గుర్తొచ్చి దాన్ని కొంచెం కొంచెంగా పెంచాడు, ఈసారి బోర్డు వైపు కాదు, స్టేజీ వైపు చూస్తూ. ముందు గుడ్డ అంచు ఎర్రబడింది. తర్వాత బొమ్మలు ఒక్కోటీ బయటికొచ్చాయి. పాడేవాళ్ళకి ఇదేమీ తెలీదు, కథ అప్పటికే సగం దాటింది. ముందు వరసలో పెద్దాయన మాత్రం లేచి, స్టేజీ దగ్గరికి నడిచి, మనవడికి వేలు పెట్టి చూపిస్తున్నాడు.