మూడు నెలలు ఆగలేని బతుకు

టాటానగర్‌లో స్టీరింగు పట్టి ఇల్లు నడుపుకునే తెలుగువాడి కథ ఇది. ఒకడి కథే అయినా చాలామంది బతుకుల్లోంచి ఏరి కూర్చినది. అందుకే అతనికి పేరు పెట్టలేదు.

1907లో పుట్టిన ఉక్కు కంపెనీని నమ్ముకుని ఉత్తరాంధ్ర నుంచి వెళ్ళినవాళ్ళలో అతని తాత ఒకడు. తండ్రికి కంపెనీలో పర్మనెంటు ఉద్యోగం దొరకలేదు. ఇతను లారీ మీద క్లీనరుగా చేరి పని నేర్చుకున్నాడు. హెవీ లైసెన్సు వచ్చిన రోజు బిష్టుపూర్ రామాలయంలో కొబ్బరికాయ కొట్టారు. ఆ ఇంట్లో ఆ లైసెన్సుకు మించిన ఆస్తి లేదు.

చేటు కంకర లోడుతో మొదలైంది. ఎన్ని టన్నులు ఎక్కించాలో చెప్పేది ఓనరు. కాటా మీద బరువు ఎక్కువ తేలింది. 20,000 జరిమానా, పైన అదనపు టన్నుకు 2,000 చొప్పున ఓనరు కట్టాడు. లైసెన్సు మాత్రం డ్రైవరుది ఆగిపోయింది. అధిక లోడు, మితిమీరిన వేగం, తాగి నడపడం, ఫోను మాట్లాడుతూ నడపడం... వీటిలో ఏది దొరికినా కనీసం మూడు నెలలు లైసెన్సు సస్పెండ్ చేయాలని సుప్రీంకోర్టు నియమించిన రోడ్డు భద్రతా కమిటీ 2015లో రాష్ట్రాలకు చెప్పింది. ఆ మాట వెనక రోడ్ల మీద పోయిన ప్రాణాలున్నాయి. దాన్ని నేను తప్పుపట్టను.

ఉత్తర్వు ఇచ్చేముందు అతని మాట వినాలి. ఉత్తర్వు అందిన 30 రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు. ఇది అతనికి చెప్పినవాళ్ళు లేరు. జిల్లా రవాణా అధికారి (డీటీవో) ఆఫీసు నుంచి వచ్చిన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, రేషను కార్డు కింద ట్రంకుపెట్టెలో దాచేశాడు.

మొదటి నెల చేబదుళ్ళతో గడిచింది. రెండో నెలలో కిరాణా కొట్టతను ఖాతా ఆపేశాడు. రాత్రిపూట ఎవరూ అడగరు, ఒక్క ట్రిప్పు వేసి రమ్మని ఓనరు కబురు పెట్టాడు.

“ఇంకో నెల ఓపిక పడదాం” అంది భార్య.

“ఓపిక పడితే కుండ ఉడుకుద్దేటి?” అన్నాడు.

అనర్హత వేటు పడ్డవాడు బండి నడిపితే మోటారు వాహనాల చట్టం 182వ సెక్షను కింద మూడు నెలల దాకా జైలు, లేదా 10,000 జరిమానా, లేదా రెండూ. జేబులో కార్డు ఉన్నా లాభం లేదు, నంబరు కొడితే లైసెన్సుల ఆన్‌లైన్ రికార్డు ‘సారథి’లో సస్పెన్షను సంగతి బయటపడుతుంది. అయినా ఒక్క ట్రిప్పు రెండైంది, రెండు నాలుగయ్యాయి.

18వ నంబరు జాతీయ రహదారి మీద, ఘాట్‌శిలా దాటాక, తెల్లవారుజామున సైకిలు మీద కూరగాయల బస్తాతో వస్తున్న మనిషికి లారీ తగిలింది. డ్రైవరు పారిపోలేదు. క్లీనరుతో కలిసి అతన్ని ఎత్తుకుని ఆసుపత్రికి చేర్చాడు. ప్రాణం దక్కలేదు. ఆ మనిషికీ పిల్లలున్నారు.

ఇక 182వ సెక్షను చిన్నదైపోయింది. నిర్లక్ష్యంతో మరణానికి కారణమైతే పాత శిక్షాస్మృతిలో రెండేళ్ళ దాకా ఉన్న జైలు, 2024 జూలై నుంచి భారతీయ న్యాయ సంహితలో అయిదేళ్ళ దాకా పెరిగింది. పోయిన మనిషి కుటుంబానికి మాత్రం చట్టం కొంత అండగా నిలబడింది. లైసెన్సు లేదన్న సాకుతో బీమా కంపెనీ బాధితులను గాలికి వదలకూడదని, ముందు చెల్లించి, తప్పు చేసిన ఓనరు దగ్గర రాబట్టుకోవచ్చని స్వరణ్ సింగ్ కేసులో 2004లో సుప్రీంకోర్టు తేల్చింది.

నాకు మింగుడుపడనిది ఒకటుంది. తెలిసి తెలిసి బండి అప్పగించిన ఓనరుకు 180వ సెక్షను వేసేది మూడు నెలల దాకా జైలు, లేదా 5,000 జరిమానా, లేదా రెండూ. ఈ ఓనరు జరిమానాతో బయటపడ్డాడు. బీమా కంపెనీ తనను అడిగిన సొమ్ము కోసం డ్రైవరు ఇంటి మీద పడ్డాడు. శ్రీకాకుళం వైపు తాత వదిలి వచ్చిన అర ఎకరం మెట్టను అమ్మకానికి పెట్టారు. బయానాగా వచ్చిన డబ్బు లాయరు ఫీజుకే సరిపోయింది.