దుబాయి ఎంత దూరం?

నిర్మల్ జిల్లా ఖానాపూర్ చుట్టుపక్కల దుబాయి దూరాన్ని కిలోమీటర్లలో చెప్పేవాళ్లు తక్కువ. 'నాలుగు గంటల్ల దిగుతం' అంటారు. శంషాబాద్‌లో విమానం ఎక్కే తరం లెక్క అది. వాళ్ల తండ్రుల లెక్క వేరు: ముందు బొంబాయి చేరుడు, ఏజెంటు చుట్టూ తిరుగుడు, ఆ తర్వాతే సముద్రం.

1973లో చమురు ధర ఎగబాకాక గల్ఫ్ దేశాల్లో కట్టడాల పనులు జోరందుకున్నాయి. ఆదిలాబాద్, కరీంనగర్, నిజామాబాద్ పల్లెల నుంచి మనుషులు కదిలారు. బతుకుదెరువు కోసం బొంబాయి పోవడం వాళ్లకు అప్పటికే అలవాటు. అదే తొలి మజిలీ అయింది. అక్కడి నుంచి 'ద్వారకా' అనే ఓడ కరాచీ, మస్కట్, దుబాయి రేవుల మీదుగా 1982 వరకు నడిచింది. ఆ ప్రయాణం రోజుల తరబడి సాగేది.

దుబాయి విమానాశ్రయం మొదలైంది 1960లో. మొదటి రన్‌వే గట్టిగా అణిచిన ఇసుక నేల. తారు రన్‌వే 1965లో వచ్చింది. ఇటు హైదరాబాద్‌లో చాలాకాలం బేగంపేటే దిక్కు. 2008 మార్చిలో రాకపోకలు శంషాబాద్‌కు మారాయి.

భూమి గుండ్రని ఒంపు వెంట అతి దగ్గరి దారి కొలిస్తే శంషాబాద్ నుంచి దుబాయి సుమారు 2,550 కిలోమీటర్లు. పైలట్ల లెక్కలో 1,380 నాటికల్ మైళ్లు. దూరం అదే అయినా పోయేటప్పుడు నాలుగు గంటల పైన, వచ్చేటప్పుడు మూడున్నర గంటలు. చలికాలంలో ఆకాశం పైపొరల్లో పడమటి నుంచి తూర్పుకు బలమైన గాలి వీస్తుంది. ఇంటికొచ్చే విమానాన్ని అది వెనక నుంచి తోస్తుంది, పోయే విమానానికి ఎదురు నిలుస్తుంది.

టికెట్ చూసి తికమకపడేది మాత్రం గడియారం వల్ల. ఉదయం పదింటికి బయల్దేరిన విమానం అక్కడ దిగేసరికి పన్నెండున్నర దాటి ఉంటుంది. రెండున్నర గంటలే పట్టిందనుకుంటే పొరపాటు. దుబాయి సమయం మనకన్నా గంటన్నర వెనక. టికెట్‌పై ఏ ఊరి గంటలు ఆ ఊరివే.

అసలు భారం నేల మీదే ఉంది. ఖానాపూర్ నుంచి శంషాబాద్‌కు సూటిగా గీత గీస్తే 200 కిలోమీటర్లే. రోడ్డు మీద నిర్మల్ చేరి, జాతీయ రహదారి పట్టి, హైదరాబాద్ దాటేసరికి ఐదారు గంటలు. విమానానికి మూడు గంటల ముందే అక్కడుండాలి. అంటే అరేబియా సముద్రం దాటడం కన్నా విమానం మెట్టు దాకా పోవడానికే ఎక్కువ సమయం. సాగనంపడానికి వచ్చే ఇంటివాళ్లకు తిరుగుదారి అదనం.

ఖానాపూర్‌కు సూటిగా 70 కిలోమీటర్ల దూరంలో, ఆదిలాబాద్‌లో నిజాం కాలపు ఎయిర్‌స్ట్రిప్ ఉంది. అక్కడ పౌర విమానాలకు వైమానిక దళం 2025లో అంగీకారం తెలిపింది. గల్ఫ్ సంపాదనతో ఇళ్లు నిలబెట్టుకున్న ఈ ప్రాంతానికి ఆ విమానాశ్రయం ఇంకా ఆలస్యం కాకూడదు.