తేనెలన్నీ ఒకటేనా?

కణేకల్ పేరు చెప్పగానే అనంతపురం జిల్లావారికి రెండు విషయాలు స్ఫురిస్తవి. ఒకటి అక్కడి పెద్ద చెరువు. రెండవది హగరి ఒడ్డునుండి గాలికి లేచి పొలాలమీద మేటవేసే ఇసుక. పుస్తకాలలో వేదవతి అని వ్రాసే నదినే అక్కడివారు హగరి అంటారు. 1953 అక్టోబరులో ఆంధ్రరాష్ట్రం ఏర్పడేవరకు ఈ ప్రాంతం రాయదుర్గం తాలూకాతోపాటు బళ్లారి జిల్లాలోనిది. తుంగభద్ర ఎగువకాలువ నీరు చేరి చెరువుకింద వరి పండుతున్నది గాని, ఆయకట్టు దాటితే అంతా మెట్టనేల. జిల్లా సగటు వర్షపాతమే ఏటికి 550 మిల్లీమీటర్ల ప్రాంతం. ఇటువంటి సీమనుండి తేనెను గురించి ప్రసంగమేమిటని శ్రోతలకు సందేహం కలుగవచ్చును.

కరువుసీమలో తేనె కొంచెమే గాని, ఉన్నది. ఎండలు ముదిరి చేలలో పచ్చని ఆకు కనబడని రోజులలోనే, వేరు లోతుకు దిగిన వేప, కానుగ, చింత పూస్తవి. పూత వెంట తేనెటీగలు వస్తవి. పెద్ద ఈగ కొండచరియలకు, ఎత్తైన చెట్ల కొమ్మలకు చాటంత పట్టు పెడుతుంది. పూత అయిపోగానే మకాం ఎత్తి వేరొకచోటికి పోతుంది. దానిని పెట్టెలో పెట్టి పెంచటం ఎవరివల్లా కాలేదు. చిన్న ఈగ కంపపొదలలో అరచేతి వెడల్పు పట్టుతో సరిపెట్టుకొంటుంది. మూడవది చెట్టుతొర్రలలో వరుసగా పట్టులు పెట్టేది. ఈ మూడింటిలో పెట్టెలలో పెంచటానికి లొంగినది ఇదే. ఇవిగాక, కుట్టటం చేతకాని బుల్లి ఈగ ఒకటి గోడల పగుళ్లలో మైనపు కుండలవంటివి కట్టుకొని పుల్లని తేనె దాస్తుంది.

కొడవలి తెగినచోట, కాలి బొబ్బలెక్కినచోట తేనె పూయటం మన పల్లెలలో పాత అలవాటు. చదువుకొన్నవారు దీనిని చూచి నవ్విన కాలం ఒకటి ఉండినది. నేడు ఆ నవ్వు పోయి, దాని స్థానంలో మరొక పొరపాటు వచ్చి కూర్చున్నది: సీసాలో ఉన్న తియ్యని పాకమేదైనా తేనెయే, తేనె అయితే చాలు పుండు మానుతుంది అనే నమ్మకం. తేనెకూ తేనెకూ భేదం కలదన్న సంగతి మన పూర్వులకు బాగుగా తెలుసును.

చరకసంహిత తేనెను నాలుగు విధాలుగా చెప్పినది: మాక్షికం, భ్రామరం, క్షౌద్రం, పౌత్తికం. మాక్షికం నూనెవన్నె, పౌత్తికం నేతివన్నె, క్షౌద్రం కపిలవర్ణం, భ్రామరం తెలుపు. నాలుగింటిలో మాక్షికం శ్రేష్ఠం. సుశ్రుతసంహిత వీటికి ఛాత్రం, ఆర్ఘ్యం, ఔద్దాలకం, దాలం అనేవాటిని చేర్చి ఎనిమిది చేసినది. మొదటి నాలుగు పేర్లను చూడండి. మక్షిక, భ్రమర, క్షుద్ర, పుత్తిక – ఇవన్నీ ఈగల పేర్లే, పూలవి కావు. తేనె గుణం దానిని కూర్చిన ఈగనుబట్టి ఉండునని ఆనాటి వైద్యుల భావం. పుండ్ల చికిత్సలో వారు తేనెను నేతితో కలిపి వాడినారు. శోధనం, రోపణం, సంధానం అని సుశ్రుతుడు తేనెకు మూడు గుణాలు చెప్పినాడు. అనగా పుండును శుభ్రపరచటం, మాన్పటం, తెగినదానిని కూర్చటం.

ఇది మన దేశానికే పరిమితమైన ఆలోచన కాదు. 1862లో ఎడ్విన్ స్మిత్ అనే అమెరికావాడు ఈజిప్టులోని లక్సార్‌లో ఒక పాపిరస్ చుట్టను కొన్నాడు. క్రీస్తు పూర్వం 1600 ప్రాంతపుదిగా పండితులు నిర్ణయించిన ఆ శస్త్రవైద్య గ్రంథంలో, గాయానికి మొదటిరోజు పచ్చిమాంసం కట్టి, ఆ తరువాత కొవ్వు, తేనె, నారపీచు కలిపి కట్టు కట్టవలెనని ఉన్నది.

ఆయుర్వేదం విధించిన నియమం మరొకటి: తేనెను వేడిచేయరాదు. ఈగలు విషపుష్పాలనుండికూడ మకరందం తెస్తవి గనుక, ఆ విషం వేడితో ప్రకోపిస్తుందని వారు చెప్పిన కారణం. ఈ కారణాన్ని నేటి శాస్త్రం అంగీకరించదు. నియమం మాత్రం, పుండ్ల విషయంలో, వేరొక దారిన నిజమైనది. ఆ దారి చిత్రమైనది.

1892లో వాన్ కెటెల్ అనే డచ్చి శాస్త్రజ్ఞుడు తేనె సూక్ష్మజీవులను అణచునని తెలిపినాడు. 1937లో జర్మనీలో డోల్డ్, ఆయన సహచరులు ఆ శక్తిని పరీక్షించి దానికి ‘ఇన్హిబిన్’ అని పేరు పెట్టినారు. వేడికి, వెలుతురుకు అది నశిస్తుందని కనుగొన్నారు. పేరైతే పెట్టినారు గాని అది ఏ పదార్థమో మరి 25 ఏండ్లవరకు ఎవరికీ అంతుపట్టలేదు. ఈలోగా పెన్సిలిన్ వచ్చినది. తేనె సంగతి వైద్యులు మరచినారు. తుదకు 1962-63లో అమెరికాలోని ఫిలడెల్ఫియా ప్రయోగశాలలో జొనాథన్ వైట్, ఆయన తోటివారు ఈ ముడి విప్పినారు.

తేనెలో నూటికి సుమారు 80 పాళ్లు చక్కెరలు, 17 నుండి 20 పాళ్లు నీరు. ఊరగాయలో ఉప్పు ఏ పని చేస్తుందో తేనెలో చక్కెర ఆ పనే చేస్తుంది: సూక్ష్మజీవి దేహంలోని నీటిని బయటికి లాగివేస్తుంది. తీపి కప్పివేయటంచేత నాలుకకు తెలియదు గాని, తేనె పుల్లనిదికూడ. ఆ పులుపు చాల సూక్ష్మజీవులకు గిట్టదు. ఇంతమాత్రమే అయితే పంచదార పాకంలో నాలుగు చుక్కల నిమ్మరసం పిండినా సరిపోవలెను. తేనెలో ఉన్న విశేషం మూడవది. మకరందాన్ని తేనెగా మార్చేటప్పుడు ఈగ తన తలలోని గ్రంథులనుండి గ్లూకోజ్ ఆక్సిడేజ్ అనే పదార్థాన్ని అందులో కలుపుతుంది. పక్వమైన చిక్కని తేనెలో అది నిద్రపోయినట్లు ఉంటుంది. పుండులోని రసి తగిలి తేనె పలుచబడగానే మేలుకొని, గ్లూకోజునుండి హైడ్రోజన్ పెరాక్సైడును పుట్టిస్తుంది. ఆసుపత్రిలో గాయం కడిగేటప్పుడు బుసబుస నురుగు వచ్చే మందు అదే. అయితే తేనెలో పుట్టేది దానికంటె సుమారు వేయింతలు పలుచన. అందుచేత కొత్తగా పెరిగే కండను కాల్చదు. గంటల తరబడి కొద్దికొద్దిగా ఊరుతూ ఉంటుంది. వైట్ తేల్చినదేమనగా, ఇన్హిబిన్ అంటే ఈ పెరాక్సైడే.

ఈ శక్తికి మూలం ఈగ గ్రంథి. తేనెను ఈగనుబట్టి విభజించిన చరకుని పద్ధతి ఈ ఒక్క విషయంలో ఆశ్చర్యం కలిగిస్తుంది. ఆయనకు గ్రంథి సంగతి తెలుసునని నేననను. అటువంటి గొప్పలు మనకు మేలు చేయవు.

పూవుకు పాత్ర లేదా? ఉన్నది. రక్తంలోను, కండలోను ఉండే కెటలేజ్ అనే పదార్థం పెరాక్సైడును విరిచివేస్తుంది. అప్పుడు మామూలు తేనె బలం చాలవరకు తగ్గుతుంది. న్యూజిలాండులోని వైకాటో విశ్వవిద్యాలయంలో పీటర్ మోలన్ 1980ల నుండి పరిశోధించి, అక్కడి మనూక పొద తేనె పెరాక్సైడు లేకున్నను సూక్ష్మజీవులను అణచునని చూపినాడు. దానికి కారణం మిథైల్ గ్లయాక్సాల్ అని 2008లో జర్మనీలోని డ్రెస్డెన్‌లో హెన్లె బృందం, వైకాటోవారు వేర్వేరుగా ప్రకటించినారు. మనూక మకరందంలోని ఒక పదార్థమే తేనె నిలువయున్నకొద్దీ ఇట్లు మారుతుంది. ఇప్పుడు ఆ సీసాలమీద బలాన్ని అంకెలలో అచ్చువేసి, మన కానుగ తేనెకు కలలోనైనా రాని ధరకు అమ్ముతున్నారు.

మనకు దగ్గరి ఉదాహరణకు అంత దూరం పోనక్కరలేదు. తెలుగు పద్మశాలీలు మగ్గాలు పెట్టుకొని తరాలుగా స్థిరపడిన షోలాపూరులో శస్త్రవైద్యుడు ఎం. సుబ్రహ్మణ్యం కాలిన గాయాలకు తేనె వాడి, 1991లో బ్రిటిషు శస్త్రవైద్య పత్రికలో ఫలితాలు ప్రకటించినాడు. 104 మంది రోగులలో సగంమందికి తేనె కట్టు, సగంమందికి అప్పుడు వాడుకలో ఉన్న వెండి లేపనం. తేనె కట్టినవారిలో నూటికి 91 మంది గాయాలు వారంలో సూక్ష్మజీవులు లేనివైనవని, రెండవవారిలో అట్లు అయినవి 7 మాత్రమేనని ఆయన లెక్క. ఒక్క చోటి లెక్క ఇంత ఏకపక్షంగా ఉన్నప్పుడు కొంచెం ఆగి చూడటం మంచిది. అనేక పరిశోధనలను కలిపి తూచిన 2015 నాటి కాక్రేన్ సమీక్ష, చర్మం పైపొరలమేర కాలిన గాయాలను తేనె మామూలు కట్లకంటె నాలుగైదు రోజులు ముందుగా మాన్పునని తేల్చినది. తక్కిన చాల రకాల పుండ్ల విషయంలో అంత గట్టిగా చెప్పలేదు.

ఇక మన సంతకు వద్దాము. పట్టు కోసేవాడు తొందరలో తేనెగదులు, పిల్లపురుగుల గదులు కలిపి పిండుతాడు. మైనపుమూత పడని గదులలోని తేనె పచ్చిది, నీరెక్కువ, త్వరగా పులుస్తుంది. పులియకుండా కాచి, తెల్లసీసాలలో పోసి ఎండలో వరుసగా పెడతారు. వేడికి, వెలుతురుకు నశించే శక్తిని ఈ రెండింటికీ అప్పగించినట్లే. బెల్లపుపాకం కలిపినదైతే ఆ కలిపినంతమేర ఈగ ప్రసాదమేదీ ఉండదు. కుక్క మూతిపెట్టదని, తేనెలో ముంచిన వత్తి వెలుగుతుందని చెప్పే పరీక్షలు వినోదానికి బాగుంటవి. వాటివల్ల తేలేదేమీ లేదు.

2007లో అమెరికా ప్రభుత్వం గాయాల కట్లకు అనుమతించిన తేనెను గామా కిరణాలతో శుద్ధిచేస్తారు. కాచితే శక్తి పోతుంది. శుద్ధిచేయకపోతే బొటులిజం అనే జబ్బును తెచ్చే సూక్ష్మజీవుల బీజాలు మిగిలిపోవచ్చును. ఆ బీజాలు తేనెలో చావక నిద్రిస్తవి. అందుచేత ఇంటి సీసాలోని తేనె, ఎంత స్వచ్ఛమైనదైనా, లోతైన గాయానికి పనికిరాదు. మధుమేహమున్నవారు కాలిపుండుకు తేనె రాసి నాలుగు రోజులు చూద్దామని ఆసుపత్రికి ఆలస్యం చేయరాదు. పుట్టిన బిడ్డ నాలుకకు తేనె నాకించే ఆచారం మన ఇండ్లలో ఉన్నది; పెద్దవాళ్ల పేగులలో మొలకెత్తలేని ఆ బీజాలు పసిబిడ్డ పేగులలో మొలకెత్తగలవు గనుక, ఏడాది నిండేవరకు బిడ్డకు తేనె చుక్కైనా పెట్టరాదు.